తీగ పోయే దారి

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నలభై ఏళ్ళుగా మా ఆయన ఊరందరికీ చెబుతున్న మాటే ఇది.

మాది ఫొటో స్టూడియో. ఆయన కెమెరా వెనక, నేను తెర వెనక. ఫొటో దిగేవాళ్ళ వెనకాల గోడకి పెద్ద గుడ్డ తెర వేలాడుతూ ఉంటుందే, వాటి మీద బొమ్మలు వేసేదాన్ని. మేడలు వేశాను, మెట్లు వేశాను, జలపాతాలు వేశాను. కానీ జనం అడిగేది మాత్రం అడవే. కొత్త జంట వచ్చినా, నెలల పిల్లని ఎత్తుకొచ్చినా, ఉద్యోగం వచ్చిన అబ్బాయి టై కట్టుకుని వచ్చినా, "వెనక అడవి పెట్టండి" అనేవాళ్ళు. తెర పాతబడగానే ఇంకోటి వేసేదాన్ని. మళ్ళీ అదే అడవి. కళ్ళు మూసుకుని వెయ్యమన్నా వేస్తానని గొప్పలు పోయేదాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే నిజంగా కళ్ళు మూసుకునే వేశాను.

అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో షట్టరు దించేశాం. ఆయన పేపరు చదువుకుంటూ, నేను ఆయన్ని సాధిస్తూ కాలక్షేపం చేస్తుంటే, ఒకరోజు మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు మా వీధి చివర ఉన్న చిన్న బడికి హెడ్మాస్టరు.

"అక్కా, వార్షికోత్సవానికి స్టేజీ మీదకి ఓ అడవి తెర కావాలి" అన్నాడు.

"అటక మీద నాలుగున్నాయి. పట్టుకుపో" అన్నాను.

"అవి కాదు. రెండో తరగతి పిల్లల చేత వేయించాలి. మన చుట్టుపక్కల చెట్లే ఉండాలి అందులో. తలా ఒక చెట్టు వేస్తారు. ఆ రోజు ప్రతి పిల్లా తన చెట్టు కింద అమ్మానాన్నలతో నిలబడి ఫొటో దిగుతుంది. బావగారు తీస్తారు. పిల్లలకి నేర్పేది నువ్వు."

"రెండో తరగతి వాళ్ళు బ్రష్షు పట్టుకుంటారా, నములుతారా?"

"రెండూ చేస్తారు. నీ దగ్గర అయితే నమలరు, భయపడి" అని నవ్వాడు వెధవ. ఆయన పేపరు దించి నా మొహం చూశారు. నాకు వెళ్ళాలని ఉందని ఆయనకి తెలిసిపోయింది.

మొదటి శనివారం పదహారు మంది పిల్లలు హాల్లో నేల మీద వరసగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. అప్పటికే నాకు పేరు పెట్టేశారట, తెరల అమ్మమ్మ అని. సరే, బానే ఉందనుకున్నాను. నాకంటే ముందు మా స్టూడియోలో తెరలు వేసిన మా మామగారు నాకు నేర్పిన చెట్టునే వాళ్ళకి నేర్పాను. కింద వెడల్పుగా, పైకి సన్నగా ఒక బోదె. రెండు పక్కలకీ రెండు కొమ్మలు. తర్వాత స్పాంజి ముక్కని ఆకుపచ్చలో ముంచి టపటపా అద్దితే గుబురైపోతుంది. అంచుల్లో కాస్త పసుపు అద్దితే ఎండ పడ్డట్టుంటుంది. అంతే, చెట్టు.

పిల్లలకి స్పాంజి అద్దడం తెగ నచ్చేసింది. కాగితాల మీద, మోకాళ్ళ మీద, పక్కవాడి చొక్కా మీద కూడా అద్దారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. కానీ గంటన్నర తిరిగేసరికి పదిహేను చెట్లు, అచ్చం నా చెట్టులాంటివి, ఆరడానికి వరండాలో పరిచి ఉన్నాయి. లోపల ఎంత పొంగిపోయానో.

పదిహేను అన్నానా? పదహారోది ఒక సన్నపాటి పిల్లది. చిన్న మొహం, పెద్ద కళ్ళు, ఎప్పుడూ తల తిప్పుతూ అటూ ఇటూ చూస్తూ ఉంటుంది. అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక చెట్టుకి బోదె ఉంది, కొమ్మలున్నాయి, అటూ ఇటూ ఆకులూ ఉన్నాయి. నడిమధ్యన మాత్రం ఏమీ లేదు. ఖాళీ. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషిలా ఉంది చెట్టు.

"మధ్యలో ఏమైందే? ఎలకలు కొరికాయా?" అన్నాను. పిల్లలందరూ గొల్లుమన్నారు. పిచ్చుక నవ్వలేదు.

"అలాగే ఉంటుంది" అంది మెల్లిగా.

"ఎక్కడా ఉండదు. పైవారం తెర మీద సరిగ్గా వెయ్యి."

రెండో శనివారం హాలు నేలంతా తెర పరిచాం. జిగురు కాచి రంగుపొడిలో కలిపి డబ్బాలు నింపాను. మధ్యలో పెద్ద చెట్టు నేనే వేశాను. ఇన్నాళ్ళ తర్వాత చేతికి బ్రష్షు తగిలేసరికి ఒళ్ళు మరిచిపోయి, దాన్ని తెర పై అంచు దాకా పెంచేశాను. పిల్లలు అటూ ఇటూ ఎవరి జాగాలో వాళ్ళు వేశారు. పిచ్చుక తన జాగాలో మళ్ళీ అదే చెట్టు వేసింది. నడుమ ఖాళీ. ఈసారి ఆ ఖాళీని ఇంకా శ్రద్ధగా వేసింది, అంచులు సమంగా, ఎవరో కొలిచి కోసినట్టు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చెప్పిన మాట వినదేం ఈ పిల్ల? స్పాంజి తీసుకుని, పచ్చరంగులో ముంచి, ఆ ఖాళీ అంతా టపటపా నింపేశాను. అరనిమిషం పట్టలేదు. "చూడు, ఇప్పుడు చెట్టులా ఉంది" అన్నాను.

పిచ్చుక నావైపు చూడలేదు. తెర వైపు చూసింది. తర్వాత తన బ్రష్షు శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, గోడ దగ్గరకి వెళ్ళి కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చినా బాగుండేది.

మూడో శనివారం పిచ్చుక వచ్చింది గానీ బ్రష్షు ముట్టుకోలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బతిమాలాను, కసిరాను, మళ్ళీ బతిమాలాను. ఊహూఁ. ఇది చాలదన్నట్టు, ముందు పళ్ళు ఊడిన పిల్లాడొకడు నా పెద్ద చెట్టు దగ్గర నిలబడి అడిగాడు.

"అమ్మమ్మా, ఇదేం చెట్టు?"

"ఏం చెట్టేంట్రా? చెట్టు."

"అదే, ఏం చెట్టు? వేపా? బాదమా? కాయలు కాస్తుందా?"

నలభై ఏళ్ళు వేశాను ఆ చెట్టుని. పేరు లేదు దానికి. పూతా లేదు, కాతా లేదు, ఆకు ఎలా ఉంటుందో నాకే తెలియదు. మా మామగారిని నేనెప్పుడూ అడగలేదు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న మా తమ్ముడు ఊరుకోవచ్చుగా? "అక్కా, నువ్వు చూసి వేసిన చెట్టు ఒక్కటి చెప్పు, పిల్లలకి చాక్లెట్లు పంచుతా" అన్నాడు. ఇంటికెళ్ళి అన్నం సరిగ్గా తినలేదు. ఆయన అడిగితే ఆయన మీద విసుక్కున్నాను.

నాలుగో శనివారం పొద్దున్నే పదహారు మందినీ వరసగా నిలబెట్టి, వీధిలోకి తీసుకెళ్ళాను. "ఇవాళ వెయ్యక్కర్లేదు. చూడాలి. నేనూ చూస్తాను" అన్నాను. ఆ వీధిలో నేను ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్నాను.

బడి గేటు పక్కనే వేప. దాని బెరడు గీతలు గీతలుగా చీలి ఉంటుందని ఆ రోజు చేత్తో తడిమితే తెలిసింది. టైలరు కొట్టు ముందు బాదం, అంతస్తులు అంతస్తులుగా, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు. దాని పండుటాకులు కొన్ని ఎర్రగా రాలి ఉన్నాయి. మూల మీద నేరేడు. పిల్లలు ఆకులేరారు, చీమలు చూశారు, కాండానికి చెవి పెట్టి విన్నారు. తలెత్తి పైకి చూసినప్పుడు, అప్పుడు కనిపించింది నాకు. వేప నడుమ ఖాళీ. బాదం నడుమ ఖాళీ. నేరేడు సగానికి చీలినట్టు రెండు పాయలై ఉంది. వీధికి ఈ పక్కనున్న ప్రతి చెట్టూ రెండు చేతులు పైకెత్తి నిలబడి ఉంది. ఆ చేతుల మధ్యలోంచి కరెంటు తీగలు పోతున్నాయి, ఈ చివరి నుంచి ఆ చివరికి.

పిచ్చుక వేసింది తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు వేసింది. కళ్ళుండి చూడనిది నేను.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో నిచ్చెన కనిపించింది. కానుగ చెట్టుకి ఆనించి ఉంది. పైన ఒక మనిషి, నడుముకి తాడు కట్టుకుని, కత్తితో కొమ్మలు నరుకుతున్నాడు. కింద ఒకతను తాడు పట్టుకుని ఉన్నాడు. పిల్లలు కేరింతలు కొట్టబోతే, పిచ్చుక వాళ్ళ ముందుకు వచ్చి రెండు చేతులూ చాచింది.

"అరవకండి. అరిస్తే ఆయన కిందకి చూస్తాడు. చూడకూడదు" అంది గొంతు తగ్గించి.

పిల్లలు టక్కున ఆగిపోయారు. పిచ్చుక తలెత్తి, పెదాలు బిగించి నిలబడింది. ఆ మనిషి నిచ్చెన దిగి, కాలు నేల మీద ఆనించేదాకా ఆ పిల్ల కదల్లేదు. దిగాక పరుగెత్తి వెళ్ళి అతని నడుము కరుచుకుంది. వాళ్ళ నాన్న. లైన్‌మన్.

"మా పిచ్చుకకి బొమ్మలు నేర్పేది మీరేనా అమ్మా?" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. మోచేయి దగ్గర పొడుగాటి కుట్ల మచ్చ ఉంది. చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు.

"ఏమైంది నాయనా చేతికి?"

"పోయిన వానాకాలం జారాను. తడి కొమ్మ. నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నా. అప్పటినుంచి పిల్లది ఇదీ వరస." కూతురి తల మీద చెయ్యి వేశాడు. "బడికెళ్ళేటప్పుడు చెట్లన్నీ చూసుకుంటూ వెళ్తుంది. ఫలానా చెట్టు ఆకు తీగకి దగ్గరికొచ్చింది నాన్నా అని చెబుతుంది. తగిలిందంటే నేను ఎక్కాలి కదా. చెట్టు కింద నాతోపాటు నిలబడిందంటే దీని తల పైకే ఉంటుంది. ఎంత చెప్పినా దించదు."

ఆ స్పాంజి చప్పుడు చెవుల్లో వినబడింది, టపటపా.

పిచ్చుకని తక్కిన పిల్లల దగ్గరకి పంపి, అతను నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒక మాట. నన్ను వార్షికోత్సవానికి రావద్దంటోంది. సెలవు కూడా పెట్టేశాను. వచ్చినా ఫొటో మాత్రం దిగొద్దు నాన్నా, ఆ చెట్టు కింద నిలబడొద్దు అని ఒకటే ఏడుపు. నా మీద అలిగిందా? నా చెయ్యి ఇలా ఉందని నలుగురిలో నామోషీగా ఉందా దానికి? వాళ్ళమ్మ అడిగినా చెప్పడం లేదు. మీకేమైనా తెలుసా?"

పెద్ద మనిషి, నిచ్చెనలెక్కే మనిషి, ఆ మాట అడుగుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ మీద కాదు నాయనా. నా మీద. నువ్వు సెలవు మార్చుకోకు. తప్పకుండా రా" అన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. అంత సిగ్గుగా ఉంది.

తక్కిన పిల్లల్ని క్లాసుకి పంపేసి, పిచ్చుకని ఒక్కదాన్నే హాల్లోకి తీసుకెళ్ళాను. తెర గోడకి వేలాడుతోంది. నాకు తప్పు ఒప్పుకోవడం అలవాటు లేదు. మా ఆయన్ని అడగండి, ఒక్కసారి కూడా ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆ పిల్ల ముందు నేల మీద చతికిలబడ్డాను.

"నువ్వు వేసిందే సరైంది పిచ్చుకా. చూడకుండా పాడు చేశాను. నాదే తప్పు."

పిల్ల నన్ను తేరిపార చూసింది. పెద్దవాళ్ళు ఇలాంటివి అంటారని దానికి తెలిసినట్టు లేదు.

తడిగుడ్డ పెట్టి ఆ ఆకుల్ని తుడవబోయాను. జిగురు రంగు కదా, తెర గుడ్డ ఎప్పుడో పీల్చేసుకుంది. తుడిచేకొద్దీ మురికి పచ్చగా పాకింది. పోనీలే అని తెల్లరంగు కలిపి ఆ జాగా అంతా పూశాను. ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఆరాక చూస్తే, తెలుపు కింద నా ఆకులు పచ్చపచ్చగా తొంగి చూస్తున్నాయి.

"మళ్ళీ వచ్చేస్తున్నాయి" అంది పిచ్చుక. "ఎప్పుడూ అంతే. నాన్న కోసేస్తాడు, మళ్ళీ వచ్చేస్తాయి. మళ్ళీ ఎక్కుతాడు."

దానికేం చెప్పను? రావులే తల్లీ అంటే అబద్ధం. చెట్టన్నాక చిగురిస్తుంది, తీగన్నాక అక్కడే ఉంటుంది, వాళ్ళ నాన్న ఎక్కక తప్పదు. ఆ వీధిలో ఉన్న చెట్లకి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కానీ ఈ చెట్టు నా చేతిలో ఉంది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. రంగు వేసిన తెరకి కత్తెర తగలకూడదు. చిరిగితే అతుకు వేస్తాం, వెలిస్తే మళ్ళీ వేస్తాం, కత్తెర మాత్రం పెట్టం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా మామగారు నాకు చెప్పిన మొదటి మాట అదే. సంచీలోంచి కత్తెర తీశాను. పిచ్చుక కళ్ళు ఇంతింతయ్యాయి. దాని చెట్టు నడుమ మొన దింపి, చుట్టూ కోశాను. నా ఆకులన్నీ గుడ్డముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చాయి. వెనకాల గోడ కనిపించింది.

పిచ్చుక లేచి దగ్గరకొచ్చింది. ఆ చిల్లులో చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించి చూసింది.

"చాలదు. ఇంకో బెత్తెడు కొయ్యాలి. గాలికి కొమ్మ ఊగుతుంది కదా" అంది.

ఇంకో బెత్తెడు కోశాను. అది మళ్ళీ కొలిచి, తల ఊపింది. "ఇంక ఇక్కడ ఆకు రాదు" అంది. తనలో తాను అనుకున్నట్టుగా ఇంకోసారి అంది, "అసలు రాదు."

హమ్మయ్య అనుకున్నానో లేదో, పక్క చెట్టు వైపు చూసింది. తర్వాత దాని పక్కది. "అమ్మమ్మా, తీగ నా ఒక్క చెట్టులోంచే పోదు కదా?"

ఇంకేముంది! తక్కిన పిల్లల్నీ పిలిచాం. ఎవరి చెట్టుకి ఎంత కొయ్యాలో పిచ్చుక చెప్పింది, నేను కోశాను. పళ్ళూడిన పిల్లాడు మాత్రం బాదం అని పేరు పెట్టుకున్న తన చెట్టుకి తనే కోస్తానని పట్టుబట్టి, కొమ్మ కూడా కోసేసుకుని, పర్వాలేదు అది ఎండిపోయిన కొమ్మ అన్నాడు. చివరికి నా పెద్ద చెట్టు మిగిలింది. పేరు లేని చెట్టు. అందరూ నా మొహం చూశారు. పిచ్చుక చెట్టు పైకి చూసింది. నిజం చెప్పొద్దూ, చెయ్యి రాలేదు నాకు. అంత ముచ్చటగా వేసుకున్నాను దాన్ని. అయినా కోశాను, రెండు బెత్తెలు ఎక్కువే కోశాను.

మా తమ్ముడు వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అక్కా! నీకేమైనా మతి పోయిందా? వారంలో ఫంక్షను! తెరంతా చిల్లులే!"

"చుట్టుపక్కల చెట్లే కావాలన్నావుగా? వీధిలోకి వెళ్ళి తలెత్తి చూసిరా, తర్వాత అరుద్దువుగాని" అన్నాను. వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. ఆఖరికి చాక్లెట్లు కూడా పంచాడు.

వార్షికోత్సవం నాడు మా ఆయన పాత కెమెరా తీసి, స్టాండు మీద పెట్టి, నల్లకోటు కూడా వేసుకుని తయారయ్యారు. తెర చూసి, "ఏమే, నీ అడవి గాలాడుతోందే" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకునే తీరు అంతే. తల్లిదండ్రులు ఒక్కొక్కళ్ళే వచ్చి తమ పిల్ల చెట్టు కింద నిలబడుతున్నారు. నేను గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. పిచ్చుక నా పక్కనే ఉంది. అదీ గుమ్మం వైపే చూస్తోంది.

వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాని చేతులు మణికట్టు దాకా దించుకుని వచ్చాడు. వెనకాలే వాళ్ళమ్మ. గుమ్మం దగ్గరే ఆగిపోయి, రానా వద్దా అన్నట్టు కూతురి వైపు చూశాడు. పిచ్చుక పరుగెత్తి వెళ్ళి, ఆ కుట్లున్న చెయ్యి పట్టుకుని, లాక్కుంటూ తీసుకొచ్చింది. తన చెట్టు కింద నిలబెట్టింది. అతను తలెత్తి ఆ చిల్లు చూశాడు. పక్క చెట్టుకున్న చిల్లు చూశాడు. దాని పక్కది, దాని పక్కది, నా పెద్ద చెట్టు దాకా చూసుకుంటూ వచ్చాడు. రోజూ పనిలో చూసినట్టే, వరసలో తీగ పోతుందా లేదా అని చూశాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఆ చొక్కా చెయ్యి మోచేయి దాకా జరిగి మచ్చ బయటపడింది. మళ్ళీ దించుకోలేదు.

"అందరూ ఇటు చూడండి" అన్నారు మా ఆయన, కెమెరా మీది నల్లగుడ్డ సర్దుకుంటూ. "పాపా, నువ్వూ."

పిచ్చుక తలెత్తి పైకి చూసింది. మా ఆయన ఆగారు. ఆయన తొందరపడితే నేను ఊరుకునేదాన్ని కాదు. పిల్ల ఆ చిల్లుని ఒకసారి పూర్తిగా చూసుకుంది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. తర్వాత తల దించి, వాళ్ళ నాన్నకి ఆనుకుని, కెమెరా వైపు చూసి నవ్వింది.

ఆ ఫొటో ఒకటి వాళ్ళకిచ్చి, ఇంకోటి మేం ఉంచుకున్నాం. మా హాల్లో, టీవీ పైన ఉంది.